692 ఇంజను: బ్లాకులో ఉండిపోయిన ఇత్తడి ముక్క

పోయిన నెల రాసినప్పుడు ఇంజను స్టార్టయింది, ఇక మిగిలింది బ్రేకులే అన్నాను. బ్రేకుల జోలికి ఇంకా వెళ్లనేలేదు. రెండు శనాదివారాలు మొత్తం గోరంత ఇత్తడి ముక్క తినేసింది.

మొదటిసారి చదివేవాళ్ల కోసం: బండి మా నాన్నది. టాటా 1210 లారీ, ముందు ముక్కున్న పాత రకం, ఒడిశా కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పదకొండేళ్లుగా ఉంది. ఇంజను 692. ఆ అంకెకి పెద్ద అర్థమేమీ లేదు, ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు. ఈ బండి మీదే నాన్న రాయపూర్ నుంచి విశాఖకి లోడ్లు తోలేవారు, జయపురం, కోరాపుట్, సుంకి ఘాటీ దిగి సాలూరు. ఆ హైవే నంబరు మారి 26 అయి ఏళ్లు గడిచినా ఆయన నోట ఇప్పటికీ నలభై మూడే.

ఇక జరిగింది. ఆయిల్ ప్రెషర్ గేజికి వెళ్లే సన్న రాగి పైపు ఉంటుంది కదా, అది ఇంజను బ్లాకు పక్కన ఒక ఇత్తడి అడాప్టరుకి బిగిసి ఉంటుంది. ఇంజను పది నిమిషాలు తిరిగాక అక్కడ నూనె చెమ్మ కనిపించింది. నట్టు వదులైందేమో అనుకుని పద్నాలుగు నంబరు పానా పెట్టి చిన్నగా లాగాను. నిజంగా చిన్నగానే. టప్పుమని కూడా అనలేదు, జున్నుముక్క తెగినట్టు మెత్తగా తిరిగి పైపుతో సహా చేతిలోకి వచ్చేసింది. సగం నా చేతిలో, సగం బ్లాకులో. బ్లాకు మొహానికి సమానంగా తెగింది, పట్టుకోడానికి వెంట్రుకవాసి కూడా బయటికి లేదు.

నాన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్నారు. తిట్టలేదు. "రెండో పానా ఏదిరా?" అన్నారు, అంతే. నట్టు తిప్పేటప్పుడు అడాప్టరుని ఇంకో పానాతో పట్టుకుని తిప్పాలి, లేకపోతే మెలి మొత్తం లోపలి త్రెడ్ల మీద పడుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. కాకపోతే రెండో పానా బండికి అవతలి పక్కన ఉంది, ఎవడు లేస్తాడు అనిపించింది.

ఆ రోజే చేసిన రెండో తప్పు ఈజీ అవుట్, విరిగిన బోల్టులు పీకే పనిముట్టు. పేరులో ఈజీ ఉంది గానీ పనిలో లేదు. ఎడమ మర ఉండే ఆ కోసు పుల్లని ఇత్తడి ముక్క బెజ్జంలో దించి తిప్పుతుంటే, అది కోసుగా ఉంటుంది కాబట్టి దిగేకొద్దీ ఇత్తడి గోడని బయటికి నెట్టి బ్లాకుకి ఇంకా గట్టిగా అదుముతుంది. దళసరి ఉక్కు బోల్టయితే తట్టుకుంటుంది, మధ్యలో బెజ్జం ఉన్న పల్చటి ఇత్తడికి అది పనికిరాదు. ఇంకాస్త తిప్పి ఆ ఉక్కు పుల్ల కూడా లోపల విరిగి ఉంటే ఏంటి పరిస్థితి, అంత గట్టి ఉక్కు మీద మామూలు డ్రిల్లు దిగదు. టెన్షన్ వచ్చి అక్కడితో ఆపేసి, బెజ్జంలో గుడ్డ కుక్కి ఇంట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు పక్కవీధి మావయ్య వచ్చారు. వరసకి మావయ్య, సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో టర్నరుగా చేసి రిటైరయ్యారు. బ్లాకు వైపు చూడనే లేదు. ముందు నా చేతిలో ఉన్న విరిగిన సగం అడిగి తీసుకుని, ఎండలోకి వెళ్లి, చొక్కా జేబులోంచి త్రెడ్ గేజి తీశారు, ఒక్కో త్రెడ్ కొలతకి ఒక్కో పళ్ల రేకు ఆకు ఉంటుంది దానికి. అడాప్టరు బ్లాకులోకి పూర్తిగా దిగలేదు, అందుకని బయటి సగానికి నాలుగు త్రెడ్లు మిగిలి ఉన్నాయి. వాటి మీద ఒక్కో ఆకూ ఆనించి వెలుతురుకి పెట్టి చూస్తే ఒక మిల్లీమీటరు మెట్రిక్ త్రెడ్డుకి ఉండే 1.0 ఆకు కింద సన్నగా వెలుగు కనిపించింది, అంగుళాల లెక్క 28 ఆకు మాత్రం అతుక్కుపోయింది.

"అల్లుడూ, ఇది ఎనిమిదోవంతు బీఎస్పీ. మీ ఇంజను పుట్టింది ఏ ఇంట్లో?" అన్నారు. బీఎస్పీ అంటే అంగుళాల లెక్క బ్రిటిష్ పైపు త్రెడ్డు. ఇంజనుదేమో జర్మన్ వంశం. టాటా వాళ్ల టెల్కో 1954లో మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టిన కాలం నుంచి వచ్చిన తీరు, కాబట్టి బ్లాకులో ఉండాల్సింది మెట్రిక్, బహుశా ఎం10, అంటే పది మిల్లీమీటర్ల మర, ఒక మిల్లీమీటరు పిచ్ (త్రెడ్డుకీ త్రెడ్డుకీ మధ్య దూరం).

ఈ రెండింటి మధ్య మోసం ఏంటంటే చూడ్డానికి ఒకటే. ఎనిమిదోవంతు బీఎస్పీ బయటి కొలత 9.73 మిల్లీమీటర్లు, అంగుళానికి 28 త్రెడ్లు, అంటే పిచ్ 0.907. ఎం10 బెజ్జంలో పెడితే రెండు మూడు చుట్లు హాయిగా దిగుతుంది, తర్వాత పట్టేస్తుంది. పట్టేసింది కాబట్టి బిగిసింది అనుకుంటాం. నిజానికి అది ఒకటి రెండు త్రెడ్ల మీదే వేలాడుతూ ఉంటుంది, మిగతాదంతా మధ్యలో కుక్కిన టేపో దారమో మోస్తుంది. దానికి తోడు మా బండిలో అడాప్టరుకి ఒక టీ (మూడు దారుల జాయింటు), ఆ టీకి వార్నింగ్ లైటు స్విచ్చి, ఇంత బరువు ఇంజను వణుకుకి ఊగుతూ ఉంది. ఎప్పుడో సగం చీలే ఉంటుంది. విరిగిన చోట చూస్తే సగం నల్లగా, సగం మెరుస్తూ ఉంది. నల్లది పాత చీలిక, మెరిసేది నా ఘనకార్యం.

ముక్క తీసిన పద్ధతి కాస్త వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ఆ బెజ్జం నేరుగా ఆయిల్ గ్యాలరీలోకి, అంటే బ్లాకు లోపల నూనె పారే దారిలోకి ఉంది. అందులో పడిన రజను బేరింగుల్లోకి వెళ్తుంది, ఇత్తడి కాబట్టి అయస్కాంతానికి కూడా అంటదు. అందుకే ముందు బెజ్జం నిండా గ్రీజు దట్టించాం. డ్రిల్ బిట్లకి కూడా గ్రీజే. ప్రతి రెండు చుట్లకి బయటికి తీసి తుడవడం, మళ్లీ గ్రీజు. కరెంటు డ్రిల్లు వద్దని మావయ్య తన చేతి డ్రిల్లు తెచ్చారు. ఇంకో కిటుకు ఇప్పుడే నేర్చుకున్నాను: ఇత్తడికి బిట్ మరీ పదునుగా ఉండకూడదట, ఉంటే లోపలికి లాక్కుపోతుంది. సానరాయి మీద కోసే అంచు పదును రవ్వంత చంపారు. ఆ తర్వాత బిట్ పీకులాడకుండా బుద్ధిగా గీరుకుంటూ పోయింది. 5, 6, 7, చివరికి 8 మిల్లీమీటర్లు. పాత బెజ్జమే దారి చూపిస్తుంది కాబట్టి మధ్యకే వెళ్లింది.

ఇప్పుడు మిగిలింది పల్చటి ఇత్తడి గొట్టం. హాక్సా బ్లేడు ముక్కని గ్రైండరు మీద సన్నగా అరగదీసి, ఒక కొనకి గుడ్డ చుట్టి పిడిలా పట్టుకుని, గొట్టం లోపలి నుంచి గాడి కోయడం మొదలుపెట్టాను. పైన ఒకటి, కింద ఒకటి. ఇది ఓపిక పని. ఇత్తడి కోస్తున్నంతసేపూ బ్లేడు మెత్తగా జారుతుంది, బ్లాకు బీడుకి (పోత ఇనుముకి) తగిలితే కరకరమంటుంది, ఆ చప్పుడు వినగానే ఆపాలి. గంటన్నర పట్టింది. తర్వాత సన్న ఉలితో గాడి అంచుని లోపలికి రెండు చిన్న దెబ్బలు. గొట్టం చుట్ట చుట్టుకున్నట్టు లోపలికి ముడుచుకుంది, ముక్కు పట్టకారుతో తిప్పితే వచ్చేసింది.

వచ్చిన ముక్క త్రెడ్ల మధ్య గట్టిపడిన ఎర్ర పేస్టు, నూలు దారం పోగులు. నేను ఆవేశంగా ఎవడో మేస్త్రి చేసిన వెధవ పని అని తిట్టడం మొదలుపెట్టాను. నాన్న ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, "ఇది నేనే పెట్టించాన్రా" అన్నారు. సుంకి ఘాటీ ఎక్కుతుంటే రాత్రి గేజి సున్నాకి పడిపోయిందట, అసలు ఫిట్టింగు విరిగి నూనె చిమ్ముతోందట, పొట్టంగిలో ఒకతన్ని నిద్ర లేపితే ఆయన దగ్గర ఉన్నది ఇదొక్కటే. దారం చుట్టి, పేస్టు పూసి బిగించాడు. లోడు తెల్లారేసరికి జయపురం చేరింది. మళ్లీ దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఎన్నేళ్లయింది నాన్నా అంటే, "నీకు అప్పుడు చెవులు కుట్టించాం" అన్నారు. అంటే దాదాపు ముప్ఫయ్యేళ్లు ఆగింది. నేను నోరు మూసుకున్నాను.

అదృష్టం ఏంటంటే అది ఇత్తడి. బీడు కంటే మెత్తన కాబట్టి నలిగింది అదే, బ్లాకు త్రెడ్లు బతికిపోయాయి. ఎం10 ఒకటి పిచ్ ట్యాపుకి, అంటే త్రెడ్లు కోసే పనిముట్టుకి, గ్రీజు రాసి వేళ్లతోనే తిప్పాను, మొదటి త్రెడ్డు దగ్గర కాస్త గీరి ఆపైన నున్నగా దిగింది. బెజ్జం చుట్టూ పాత పెయింటు, పేస్టు గీకితే కింద ఒక రూపాయి అంచంత నున్నటి మెషినింగ్ వలయం బయటపడింది. అంటే అసలు ఫిట్టింగు రాగి వాషరు మీద కూర్చునేదన్నమాట, టేపుతో పనే లేదు.

కొత్తది ఎక్కడా దొరకలేదు. ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో "పితళ ఫిట్టింగ్" అని అడిగితే (ఒడియాలో పితళ అంటే ఇత్తడి) ట్రే నిండా పోస్తారు, అన్నీ బీఎస్పీలే. చివరికి లేత్ షాపులో మావయ్యే పక్కన నిలబడి ఆరు పలకల ఇత్తడి కడ్డీతో చేయించారు, 250 రూపాయలు. ఉక్కుతో చేయిద్దాం గట్టిగా ఉంటుంది అన్నాను. "ఇత్తడిది విరిగితే మళ్లీ ఇలాగే తీస్తావు, ఉక్కుది విరిగితే ఏడుస్తావు" అన్నారు. లోపలి బెజ్జం మాత్రం రెండు మిల్లీమీటర్లే పెట్టించారు. గేజికి ప్రెషర్ అందితే చాలు, నూనె పారక్కర్లేదు, పైగా రేపు గొట్టం పగిలినా నూనె బకెట్లకి బకెట్లు పోదు.

రాగి వాషర్ని గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాను, మెత్తబడుతుంది. ఇనుముకి దీనికి తేడా అదే, రాగి చల్లార్చితే గట్టిపడదు. టీని ఇంజను మీంచి తీసేసి క్యాబిన్ గోడకి బ్రాకెట్టు మీద బిగించాను, బ్లాకు నుంచి అక్కడిదాకా ఒకటిన్నర అడుగు రబ్బరు హోసు. ఇక వణికేది హోసే.

బిగించే ముందు ఇంకో పని. స్టాప్ కేబుల్ లాగి పెట్టి, డీజిల్ అందకుండా, బెజ్జం దగ్గర సగం కోసిన నీళ్ల బాటిల్ పట్టుకుని సెల్ఫ్ కొట్టించాను. అయిదారు సెకన్లు, ఆపడం, మళ్లీ. బెజ్జంలోంచి ముందు గ్రీజు ముద్ద, వెనకే నూనె దూకింది. ఆ నూనెని పాత తెల్ల పంచెలో వడకడితే మొదటిసారి బంగారు రజను మెరిసింది, రెండోసారి నాలుగైదు నలుసులు, మూడోసారి ఏమీ లేదు. నాలుగోసారి కూడా కొట్టాను, అనుమానం తీరలేదు మరి. తర్వాత నూనె, ఫిల్టరు రెండూ మార్చేశాను.

నిన్న నలభై నిమిషాలు నడిపాం. ఆయిల్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు నాలుగు కిలోలు, బాగా వేడెక్కి ఐడిల్‌లో ఒకటిన్నర. ఫిట్టింగు చుట్టూ కాగితం తిప్పి చూస్తే పొడిగా ఉంది. నాన్న క్యాబిన్‌లో ఎక్కి కూర్చుని గేజి అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టారు, ముల్లు కదల్లేదు.

చెమ్మ మాత్రం ఇంకోటి కనిపించింది, ట్యాపెట్ కవరు వెనక మూల. ప్యాకింగే అయి ఉంటుంది. దాని పని చూశాకే బ్రేకులు.