మిడిల్ నేమ్ లేనివాళ్ళు

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఇడ్లీ తింటుంటే ఫోన్. "అన్నా, కస్టమర్ల పేర్లు పోయాయి." మా టీమ్‌లోని కర్నూలు కుర్రాడు. ఎంతమందివి అంటే, "శానామందివి" అన్నాడు. ఇడ్లీ అక్కడే వదిలేశాను.

ముందు రాత్రే ఒక పెద్ద అప్లికేషన్‌ని ఒరాకిల్ డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మార్చాం. చూస్తే టేబుల్లో పేర్లు భద్రంగానే ఉన్నాయి. రాత్రి బ్యాచ్‌లో వెళ్ళిన మెయిళ్ళలోనే 'డియర్' తర్వాత ఖాళీ. అదీ అందరికీ కాదు, మిడిల్ నేమ్ లేనివాళ్ళకే.

మొదటి, మధ్య, చివరి పేర్లు మూడింటినీ నిలువు గీతలతో (||) కలిపే కోడ్ లైను ఒకటుంది. ఒరాకిల్‌లో అయితే మధ్యలో నల్ (అంటే విలువే లేని గడి) వచ్చినా దాన్ని పట్టించుకోకుండా మిగతా పేరు ఇచ్చేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క ముక్క నల్ అయితే మొత్తం నల్. పైగా ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగన్నా నల్ అన్నా ఒకటే, కాబట్టి ఖాళీలన్నీ నల్‌గానే దిగాయి. టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదంటారా? టెస్ట్ డేటా చేసిన మహానుభావుడు అందరికీ మధ్యలో 'కుమార్' అని పెట్టాడు. మన తెలుగువాళ్ళలో మిడిల్ నేమ్ ఎంతమందికి ఉంటుంది చెప్పండి?

నల్‌ని వదిలేసి మిగతావి కలిపే కన్‌క్యాట్ ఫంక్షన్ పెడితే పది నిమిషాల్లో సరిపోయింది. అలాంటి లైన్లు ఇంకా ఎక్కడున్నాయో వెతకడానికి మూడు వారాలు పట్టింది.

మార్చిందంతా డబ్బు కోసమే. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ లిస్టు ధర ప్రాసెసర్‌కి 47,500 డాలర్లు. ఇంటెల్ సర్వర్లో రెండు కోర్లు ఒక ప్రాసెసర్ కింద లెక్క. పైన ఏటా 22 శాతం సపోర్టు. (బేరమాడితే తగ్గుతుంది, ఎంతన్నది ఎవరూ పైకి చెప్పరు.) పెద్ద టేబుళ్ళని ముక్కలుగా విడగొట్టే పార్టిషనింగ్‌కి వేరే డబ్బు. డేటాబేస్ పనితీరు చూపే ఏడబ్ల్యూఆర్ రిపోర్టుకి ఇంకో ప్యాక్, కొనకపోయినా తలుపు తెరిచే ఉంటుంది. తెలియక తొంగిచూశారో, ఆడిట్‌లో చిక్కారు. పదహారేళ్ళుగా డీబీఏని (డేటాబేస్‌లు చూసుకునేవాణ్ణి), నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అందుకే మా ఫైనాన్స్ సార్ "పోస్ట్‌గ్రెస్ ఫ్రీ కదా" అన్నప్పుడు కాదనలేకపోయాను. లైసెన్సు వరకు ఫ్రీయే. టేబుళ్ళని ఓరా2పీజీ టూల్ చక్కగా దింపింది. కానీ పోస్ట్‌గ్రెస్‌లో పీఎల్ఎస్‌క్యూఎల్ (ఒరాకిల్ సొంత ప్రోగ్రామింగ్ భాష) ప్యాకేజీల్లాంటివి లేవు, వాటిని చేత్తో తిరగరాసుకున్నాం. అది ముగ్గురికి ఏడు నెలల పని. ఆ జీతాలు లైసెన్సు లెక్కలో ఎవరూ వేయలేదు.

కొత్తగా కట్టేదైతే నా ఓటు పోస్ట్‌గ్రెస్‌కే, రెండో మాట లేదు. పదిహేనేళ్ళుగా ఎవరెవరో రాసి వెళ్ళిపోయిన కోడ్ మీద నడుస్తున్న లెడ్జర్‌ని మాత్రం ముట్టుకోనన్నాను. అది ఇంకా ఒరాకిల్‌లోనే ఉంది. మార్చిలో రెన్యూవల్. నిన్న ఫైనాన్స్ సార్ మళ్ళీ కాఫీకి పిలిచారు.