గౌరి వీపు నిండడానికి ఐదు నెలలు పట్టింది

మొదటి రోజు టేపు పెట్టి కొలిస్తే మా గుర్రప్పిల్ల గౌరి ఛాతీ చుట్టుకొలత 48 అంగుళాలు, భుజం మొన నుంచి పిరుదు చివర దాకా పొడవు 45 అంగుళాలు. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 301తో భాగిస్తే ఏడాది వయసు పిల్ల బరువు సుమారుగా పౌండ్లలో వస్తుంది. పెద్ద గుర్రానికైతే 330తో భాగించాలి. లెక్క 344 పౌండ్లు వచ్చింది, అంటే 156 కిలోలు. పెరిగాక 350 కిలోలు తూగాల్సిన పిల్ల ఏడాది నిండేసరికి 220 దగ్గర ఉండాలి. ఆ అంకె నోట్‌బుక్‌లో రాసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది వరంగల్ పక్కన హసన్‌పర్తి దగ్గర ఊరు. తాత కాలం నుంచి మా ఇంట్లో బారాత్‌లకు ఒక గుర్రం ఉంటోంది. ఉన్నది ముసలిదైపోయింది కాబట్టి డిసెంబర్ చివర్లో నాందేడ్ జిల్లా మాలెగావ్‌లో ఖండోబా యాత్రకు పోయి ఈ ఆడపిల్లను తెచ్చాను. అమ్మినాయన పదకొండు నెలలన్నాడు. పళ్లు చూస్తే నిజమే అనిపించింది. మధ్య పళ్లు పుట్టిన వారం రోజుల్లో, వాటి పక్కవి ఆరు వారాలకు, మూల పళ్లు ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య వస్తాయి. గౌరికి మూల పళ్లు వచ్చాయి కానీ ఇంకా అరగలేదు.

చూడడానికి మాత్రం ఆరు నెలల పిల్లలా ఉండేది. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. నడుముకు రెండు వైపులా గుంటలు. బొచ్చు పొడుగ్గా, గరుకుగా, మెరుపు లేకుండా ఉంది. కడుపు మాత్రం కుండలా కిందికి వేలాడుతోంది. ఆ కడుపు చూసి మేత బాగానే తింటోందని మా వాళ్లంతా అనుకున్నారు.

వచ్చినవాళ్లందరూ ఒకటే మాట చెప్పారు: "ఉలవలు దండిగ పెట్టు, తవుడు కలుపు, నెలల తిరుగుతది." నేనూ అదే చేశాను. ఎనుమాముల మార్కెట్ దగ్గర బస్తా ఉలవలు కొని, పొద్దుమూకి రెండు కిలోలు ఉడకబెట్టి, తవుడు కలిపి ఒకేసారి తొట్టిలో పోశాను. నాలుగో రోజు రాత్రి పదకొండింటికి గౌరి పడుకుని లేస్తోంది, లేచి డొక్క వైపు తల తిప్పి చూసుకుంటోంది, ముందు కాలితో నేల గీకుతోంది. కడుపునొప్పి. ఏ గుర్రమూ వాంతి చేసుకోలేదు. జీర్ణాశయం కూడా ఒంటితో పోలిస్తే చిన్నది, పెద్ద గుర్రానికే పది పదిహేను లీటర్లు పడుతుంది. లోపల పోసింది ముందుకు కదలకపోతే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ గారు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి, సూది ఇచ్చి, మూడింటి దాకా మాతోనే ఉన్నారు. తెల్లారి గౌరి లద్దె వేసేదాకా నేను కొట్టంలోంచి కదలలేదు.

దాణా సంగతి ఆయన తర్వాత మాట్లాడతానన్నారు. ముందు లద్దె పరీక్ష చేయించమన్నారు. డబ్బాలో తాజా లద్దె పట్టుకుని మామునూరు వెటర్నరీ కాలేజీకి పోయాను. ఏలికపాముల గుడ్లు బాగా కనిపించాయి. ఏడాదిన్నర లోపు గుర్రప్పిల్లల్లో ఈ పాములే ఎక్కువ, తిన్నదాంట్లో కొంత వాటికే పోతుంది. మందు విషయంలోనూ ఒక సంగతి తెలిసింది. పాములు ఎక్కువున్నప్పుడు అన్నీ ఒక్కసారిగా చస్తే చచ్చినవన్నీ పేగుకు అడ్డం పడొచ్చు. అందుకే ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టర్ చెప్పినట్టే జరగాలి. గౌరికి ఫెన్‌బెండజోల్ అనే పాముల మందు ఇచ్చి, కొన్ని వారాలకు మళ్లీ పరీక్ష చేశారు.

కాజీపేటలో గుర్రాలతోనే బతికిన ఒక చాచా ఉన్నాడు. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. చాచా గౌరి మెడ దగ్గర అరచెయ్యి పెట్టి తోక దాకా జరిపాడు. ప్రతి ఎముక దగ్గరా చెయ్యి ఆగింది. "కడుపు జూడకు బేటా, వీపు జూడు. కడుపు గడ్డితోని నిండుతది, వీపు నిండాల్నంటే వేరే ఉండాలె" అన్నాడు. డాక్టర్ గారు కాగితం మీద లెక్కగా రాసిచ్చిందీ అదే. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్ల చేత్తో తడిమి ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కు వేస్తారు. 1983లో అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో హెన్నెకె అనే ఆయన తయారుచేసిన పద్ధతి ఇది. గౌరికి మూడు పడింది. పెరిగే పిల్లకి ఐదు ఉంటే చాలు, ఏడెనిమిది అక్కర్లేదని గట్టిగా చెప్పారు.

మేము పెట్టిన దాంట్లో అసలు తప్పు తవుడు. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం లేనట్టే లెక్క. గుర్రానికి కాల్షియం భాస్వరానికి సుమారు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి, సమానం కంటే మాత్రం ఎప్పుడూ తగ్గకూడదు. తగ్గితే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. ఏళ్ల తరబడి తవుడు మీదే పెంచిన గుర్రాలకు మొహం ఎముకలు ఉబ్బేది అందుకే. ఎముకలు ఇంకా తయారవుతున్న పిల్లకి నేను పెట్టింది అదే తిండి.

మన దగ్గర ఎటు చూసినా వరిగడ్డే. అందులో ప్రొటీన్ నాలుగు శాతం దగ్గరే ఉంటుంది. అది కడుపు నింపుతుంది, కండ పెట్టదు. గౌరి కుండ కడుపుకు పాములు సగం కారణం, వరిగడ్డి సగం. దాన్ని తగ్గించి, చెరువు గట్టు మీద గరిక కోసి ఎండబెట్టి రోజుకు రెండు కిలోలు వేయడం మొదలుపెట్టాను. ధర్మసాగర్ వైపు పాడి రైతు దగ్గర లూసర్న్ దొరికింది, పచ్చిది రోజుకు మూడు కిలోలు. తమిళంలో, కన్నడంలో దాని పేరులోనే గుర్రం ఉంది. కాల్షియం, ప్రొటీన్ రెండూ దండిగా ఉన్న మేత అది.

దాణా మొదట రోజుకు ఒక్క కిలోనే: మర పట్టించిన బార్లీ అర కిలో, సోయా చెక్క పావు కిలో, ఉలవలు పావు కిలో. ఉలవల్ని రాత్రి నానబెట్టి, పొద్దున వేలితో నొక్కితే మెత్తగా నలిగేదాకా ఉడికించాలి. పచ్చివైతే వాటి ప్రొటీన్ సరిగ్గా అరగదు. ప్రొటీన్‌లో లైసిన్ అనే భాగం ధాన్యాల్లో తక్కువ, సోయాలో బాగా ఉంటుంది. పెరిగే పిల్లకి కండ పట్టాలంటే ముందు కొరత పడేది అదే. ఈ కిలోను మూడు పూటలు చేసి, ప్రతిసారీ ముందు గడ్డి వేసి, అది కొంత తిన్నాకే పెట్టేవాణ్ణి. దాంతోపాటు డాక్టర్ రాసిన మినరల్ మిక్చర్, కొద్దిగా ఉప్పు. నీళ్లు ఎప్పుడూ బకెట్ నిండా.

పెట్టకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో ఇవన్నీ చేతికి అందేవే. కోళ్ల దాణాలో, కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, గుర్రానికి అది గుండె మీద దెబ్బ కొట్టి చంపుతుంది. సుబాబుల్ ఆకు తింటే జూలు, తోక వెంట్రుకలు ఊడిపోతాయి. పూత రాని లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది. అన్నిటికంటే నాకు భయం బూజు పట్టిన మక్కలంటే. రోడ్డు మీద ఆరబోసినప్పుడు వానకు తడిసి, బస్తాలో వేడెక్కిన మక్కల్లో పుట్టే విషం ఎద్దుకు పెద్దగా ఏమీ చేయకపోవచ్చు, గుర్రానికి మాత్రం మెదడు కరిగిపోతుంది. పక్కింటి అన్న ప్రేమతో అలాంటి అర బస్తా తెచ్చిచ్చాడు. తిరిగి పంపలేక, తీసుకుని పెంటలో పూడ్చేశాను.

ఫిబ్రవరిలో బొచ్చు రాలి కింద కొత్త బొచ్చు నిగనిగలాడుతుంటే నాకు ఆశ పుట్టింది. వారానికి వంద గ్రాములకు మించి పెంచొద్దన్న డాక్టర్ మాట పక్కన పెట్టి, పది రోజుల్లో దాణా రెండున్నర కిలోలు చేశాను. మార్చి మొదట్లో ముందు కాళ్లు కడుగుతుంటే గిట్ట పైకీలుకు కాస్త పైన చేతికి గట్టిగా తగిలింది. ముందు నుంచి చూస్తే ఆ కీలు డమరుకంలా ఉంది, పైనా కిందా ఉబ్బు, మధ్యలో సన్నం. ముట్టుకుంటే వేడిగా ఉంది, గౌరి కాలు లాక్కుంది. ఎముక పెరిగే చోట వాపు. పిల్లను తొందరగా బలిపించాలని చూస్తే వచ్చేది ఇదే. దాణా మళ్లీ కిలోకు దించి, లూసర్న్, మినరల్ మిక్చర్ అలాగే ఉంచి, మెత్తటి నేల మీద తనంతట తను తిరిగేలా వదిలేశాం. ఆ వాపు దిగడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు రోజూ పొద్దున నేను ముందు ముట్టుకుంది ఆ కాళ్లనే.

జూన్ మొదటి ఆదివారం ఛాతీ 53 అంగుళాలు, పొడవు 50. లెక్కకు 212 కిలోలు. మార్కు ఐదు. వయసుకు తగ్గ బరువు ఇంకా రాలేదు కానీ కడుపు పైకి లేచింది, నడుము గుంటలు పూడాయి. చాచా వచ్చి మళ్లీ అరచెయ్యి జరిపితే ఎక్కడా ఆగలేదు.

బాపు ఇప్పటికే వచ్చే ఏడాది బారాత్‌కు అడుగుతున్నాడు. మూడేళ్లు నిండేదాకా దాని వీపు మీద ఎవర్నీ ఎక్కించనని చెప్పాను. దాణా ఇప్పుడు కిలోన్నర. వానలకు లూసర్న్ వేర్లు కుళ్లిపోతాయి కాబట్టి, ఆకు రాలకుండా మే నెలలోనే కోయించి నీడలో ఎండబెట్టి కట్టలు కట్టించాను. అటక మీద ఇంకా ముప్పై ఒక్క కట్టలున్నాయి. బావి పక్కన పది గుంటల నేల ఖాళీగా ఉంచాను, దసరా పోగానే అందులో విత్తనం చల్లాలి.