మా అమ్మ మా అమ్మేనని నిరూపించడానికి పట్టిన 93 రోజులు

నిన్న, అంటే 2025 ఏప్రిల్ 9 బుధవారం మధ్యాహ్నం, మా నాన్నగారి డిపాజిట్ల సొమ్ము అమ్మ ఖాతాలో జమ అయింది. ఆయన కాలం చేసింది డిసెంబరు మొదటి వారంలో. ఆ సొమ్ము కోసం మేము తెనాలిలోని బ్యాంకు శాఖ మెట్లు మొదటిసారి ఎక్కింది జనవరి 6న. మధ్యలో గడిచిన తొంభై మూడు రోజుల సంగతి కోపం చల్లారకముందే రాసిపెట్టాలని కూర్చున్నాను. బ్యాంకు పేరు రాయడం లేదు. దేశంలో ఊరూరా శాఖలున్న పెద్ద బ్యాంకు అంటే చాలు.

నేను ఖమ్మంలో ఒక జూనియర్ కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా కామర్స్ చెబుతున్నాను. ఖాతాదారు మరణిస్తే నామినీకి సొమ్ము చెల్లించి బ్యాంకు తన బాధ్యత తీర్చుకోవచ్చని, అందుకు 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 45జడ్‌ఏ అనే సెక్షన్ ఉందని ఏటా పిల్లలకు బల్ల గుద్ది మరీ చెబుతాను. ఆ ధీమాతోనే దీన్ని రెండు గంటల పని అనుకుని ఒక్క రోజు సెలవు పెట్టి వెళ్లాను. ఇప్పటికి పెట్టిన సెలవులు తొమ్మిది.

మరణ ధ్రువీకరణ పత్రం పురపాలక సంఘంలో ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. ఇరవై ఒక్క రోజుల లోపు నమోదు చేయించాము, పది ప్రతులు తీసుకున్నాము, అంతే.

నాన్నగారి పేరున ఒక సేవింగ్స్ ఖాతా, రెండు ఫిక్సెడ్ డిపాజిట్లు ఉన్నాయి. అన్నీ కలిపి ఏడు లక్షల ఇరవై మూడు వేల చిల్లర. మూడింటికీ అమ్మే నామినీ. పాస్‌బుక్కు మొదటి పేజీలోనూ, డిపాజిట్ రసీదుల మీదా నామినేషన్ నమోదైనట్లు అచ్చు వేసే ఉంది. వెళ్లేముందు ఒకసారి వివరాలు కనుక్కుందామని బ్యాంకు వారి టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేశాను. తెలుగు కోసం అంకె నొక్కాను, పదహారు నిమిషాలు సంగీతం విన్నాను, చివరికి హిందీలో మాట్లాడే ఒకమ్మాయి పలికింది. మా నాన్నగారు పోయారని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఆమె ఎంతో మర్యాదగా సంతాపం తెలిపి, ఖాతా వివరాలు ఖాతాదారుకు మాత్రమే చెప్పాలని, కాబట్టి వారిని ఒకసారి లైన్‌లోకి రమ్మనమని కోరింది. నేను మళ్లీ చెప్పాను; ఆమె మళ్లీ సంతాపం తెలిపింది. ఆ పిల్లను తప్పుపట్టను, ఎదురుగా తెరమీద ఏది కనబడితే అది చదివే ఉద్యోగం ఆమెది. ఆ వాక్యాన్ని ఆ తెరమీద పెట్టినవాళ్ల మీదే నా కోపమంతా.

జనవరి 6న డిపాజిట్లు చూసే అధికారి మా కాగితాలు అటూ ఇటూ తిప్పి, అన్నీ ఉన్నాయన్నారు, లోపల పెట్టుకున్నారు, సంక్రాంతి వెళ్లాక రమ్మన్నారు. అందినట్లు ఏమైనా రాసిస్తారా అని అడిగితే, "మనవాళ్ల దగ్గర అవన్నీ ఎందుకు మేడమ్" అని నవ్వారు. నేనూ నవ్వి వచ్చేశాను. ఆ నవ్వు ఖరీదెంతో తరవాత తెలిసింది.

పండగ వెళ్లాక జనవరి 20న పోతే జాబితా కొత్తగా మొదలైంది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. రేపు ఇంకెవరైనా హక్కు కోరితే బ్యాంకుకు నష్టం రాకుండా మేమే భరిస్తామని స్టాంపు కాగితం మీద హామీ, అంటే ఇండెమ్నిటీ బాండు, కావాలన్నారు. ఆ శాఖలోనే ఖాతాలున్న ఇద్దరు జామీనుగా సంతకాలు చేయాలన్నారు. కువైట్‌లో ఉన్న మా తమ్ముడు స్వయంగా వచ్చి అభ్యంతరం లేదని రాసివ్వాలన్నారు. "ఇంట్లో మగవాళ్లెవరూ లేరా అమ్మా, మీరే తిరుగుతున్నారు" అని కూడా అన్నారు. నామినీ ఉన్నప్పుడు ఇవేవీ అక్కరలేదు కదండీ అంటే, "రూల్సు మాకు తెలుసు మేడమ్" అని తరవాతి మనిషిని పిలిచారు.

ఇక్కడే ఆ రూల్సేమిటో చెప్పాలి, ఎందుకంటే ఆయనకు నిజంగా తెలియవో, తెలిసీ అడిగారో ఈరోజుకీ నాకు అర్థం కాలేదు. 2005 జూన్ 9న రిజర్వు బ్యాంకు అన్ని వాణిజ్య బ్యాంకులకూ ఒక సర్క్యులర్ పంపింది. నామినీ గాని, జాయింటు ఖాతాలో బతికి ఉన్నవారికి చెల్లించే ఏర్పాటు గాని ఉంటే, మొత్తం ఎంతైనా సరే, వారసత్వ ధ్రువీకరణ పత్రం, ఇండెమ్నిటీ బాండు, జామీను వంటివి అడగకూడదని అందులో స్పష్టంగా ఉంది. మరణానికి రుజువు, నామినీ గుర్తింపు, క్లెయిమ్ అందిన నాటి నుంచి పదిహేను రోజుల్లో చెల్లింపు అయిపోవాలని కూడా ఉంది. నామినీ చేతికి వచ్చినంత మాత్రాన ఆ సొమ్ముకు నామినీ యజమాని అయిపోరు, మిగతా వారసుల తరఫున ధర్మకర్తగా తీసుకున్నట్లే; కాని ఆ పంపకం కుటుంబం చూసుకోవలసిన సంగతి, బ్యాంకు చూసుకోవలసినది కాదు. మా తమ్ముడు ఎవరి కోసం కువైట్ నుంచి రావాలి?

సర్క్యులర్ ప్రతి చేతిలో పట్టుకుని, ఈసారి అమ్మను కూడా వెంటబెట్టుకుని ఫిబ్రవరి 3న వెళ్లాను. నిజానికి ఈ రాత అంతా ఆ ఒక్కరోజు గురించే.

అమ్మకు డెబ్భై ఒకటో ఏడు. మోకాళ్ల నొప్పులు. శాఖ మొదటి అంతస్తులో ఉంది, పద్దెనిమిది మెట్లు. మధ్యలో రెండుసార్లు నిలబడింది. అధికారి సర్క్యులర్‌ను చదవకుండానే పక్కన పెట్టి, అమ్మ ఆధార్ కార్డును తెర పక్కన పెట్టి చూశారు. చూసి, పేరు కలవడం లేదన్నారు. మా అమ్మ పేరు విజయలక్ష్మి. బ్యాంకు కంప్యూటర్లో ఇంగ్లీషున ఆ "క్ష" అక్షరాన్ని ఎక్స్‌తో రాశారట. ఆధార్‌లో కె, ఎస్, హెచ్ అని ఉంది. తెలుగు నేల మీద లక్ష్మి అనే పేరున్న ఆడవాళ్లెందరో, వారి పేర్లలోని ఒక్క అక్షరాన్ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తెలియకుండా ఉంటుందా?

"ఈవిడే ఆవిడని నేనెలా నమ్మాలి మేడమ్?" అన్నారు. అమ్మ ఆయన ఎదురుగానే కూర్చుని ఉంది.

నేను నోరు తెరిచేలోగా ఆయన ఒక తెల్లకాగితం అమ్మ ముందుకు తోసి, "ఏదీ మామ్మగారూ, సంతకం పెట్టండి" అన్నారు. అమ్మ పెట్టింది. అమ్మ సంతకం తెలుగులో ఉంటుంది. అదే శాఖలో గ్యాసు రాయితీ కోసం ఎప్పుడో తెరిచిన ఆమె ఖాతాలోని సంతకంతో పోల్చి చూసి, "ఇలా కాదు, మామూలుగా పెట్టండి" అన్నారు. మళ్లీ పెట్టింది. "క్ష కింద ఆ ఒత్తు తేడాగా వస్తోంది, ఇంకోసారి." చెయ్యి వణికే మనిషికి, వెనక పదిమంది నిలబడి చూస్తుండగా, మామూలుగా సంతకం ఎలా వస్తుంది? ఐదోసారి పెట్టేటప్పటికి కాగితం మీద బాల్‌పెన్ను గుచ్చుకుని చిన్న చిల్లు పడింది. వరుసలో ఎవరో నవ్వారు. అమ్మ పెన్ను కింద పెట్టి, కొంగుతో వేళ్లు తుడుచుకుని, "పెళ్లయిన కొత్తలో ఆయనే నేర్పారు బాబూ ఈ సంతకం" అంది. అధికారి తెరవైపు చూస్తూ, రెండు పేర్లూ ఒకే మనిషివని వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు.

నేను ఒక మాట చెప్పదలచుకున్నాను. నామినేషన్ ఫారంలో నామినీ సంతకమే ఉండదు. దాని మీద సంతకం చేసేది ఖాతాదారు. మరి అమ్మ చేత ఐదుసార్లు పెట్టించిన సంతకం నాన్నగారి క్లెయిమ్‌లో దేన్ని తేల్చడానికి? ఈ ప్రశ్న నాకు ఆ క్షణంలో తట్టలేదు. కామర్స్ మేడమ్‌గారికి, పద్దెనిమిదేళ్ల అనుభవానికి, రాత్రి పదకొండింటికి పడక మీద తట్టింది. అవమానం జరిగేటప్పుడు చదువు ఎక్కడికి పోతుందో తెలియదు.

మెట్లు దిగుతుంటే అమ్మ, "వద్దులేవే అమ్మాయ్, ఆ డబ్బు లేకపోతే నేను బతకనా" అంది. ఆ మాటతో నాకు పట్టుదల పెరిగింది.

నాన్నగారు తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ముద్ర పడని కాగితం కాగితమే కాదనేవారు. ఆ రాత్రి ఆయన ఇనప్పెట్టె తీశాను. కరెంటు బిల్లులు సంవత్సరాల వారీగా దారంతో కట్టి ఉన్నాయి. వాటి అడుగున ప్లాస్టిక్ సంచిలో, నామినేషన్ కోసం ఇచ్చే డీఏ-1 ఫారం జిరాక్సు ప్రతి ఉంది. నాన్నగారు ఫారాన్ని తెలుగులో నింపారు. గుండ్రటి దస్తూరీతో "భార్య విజయలక్ష్మి" అని రాసి, అందజేసిన రోజునే ఆ ప్రతి మీద బ్యాంకు చేత ఊదారంగు ముద్ర వేయించి, పక్కన పొట్టి సంతకం కూడా పెట్టించుకున్నారు. అంటే ఆ ఎక్స్ మా ఇంట్లో పుట్టినది కాదు. తెలుగు పేరును ఇంగ్లీషులోకి మార్చి కంప్యూటర్లోకి ఎక్కించిన బ్యాంకు ఉద్యోగి వేళ్ల కింద పుట్టింది. తప్పు వాళ్లది, అఫిడవిట్ మాత్రం మాది.

మర్నాడు ఆ ప్రతి చూపిస్తే అధికారి చెప్పిన మాట: "సిస్టమ్‌లో ఏముంటే అదే మేడమ్."

అప్పుడు నోటిమాటలు మానేశాను. ఖమ్మం వెళ్లి, వారమంతా కూర్చుని రెండు పేజీల ఉత్తరం రాశాను. గొప్ప చెప్పుకోవడం కాదు గాని అంత శుభ్రమైన ఉత్తరం ఆ శాఖకు ఈ మధ్యకాలంలో వచ్చి ఉండదు. నేను అడిగింది రెండే రెండు విషయాలు: మీరు కోరుతున్న ప్రతి పత్రమూ ఏ నిబంధన కింద కోరుతున్నారో రాతపూర్వకంగా తెలపండి, లేదా చెల్లించండి. ఫిబ్రవరి 10న దాన్ని నేరుగా, వచ్చే కాగితాలు తీసుకునే ఇన్వర్డులో ఇచ్చాను. అక్కడి అటెండరు ఏమీ అడగకుండానే నా ప్రతి మీద ముద్ర వేసి, తేదీ వేసి ఇచ్చాడు. ఆ శాఖలో తన పని తాను సక్రమంగా చేసిన మనిషి అతనొక్కడే. అదే ఉత్తరాన్ని అదే రోజు ఫిర్యాదులు చూసే బ్యాంకు నోడల్ అధికారికీ మెయిల్ చేశాను. ఫిర్యాదు నంబరు ఒకటి వచ్చింది. ఆ తరవాత ఏమీ రాలేదు.

బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి ఎకాఎకిన పరుగెత్తవద్దు. నేను ఫిర్యాదు చేసినప్పుడు అమల్లో ఉన్న 2021 నాటి సమీకృత అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వారు తిరస్కరించాలి, లేదా ముప్ఫై రోజులు జవాబు లేకుండా గడవాలి. లేకపోతే ఫిర్యాదు విచారణ దాకా వెళ్లకుండానే మూతపడుతుంది. నేను రోజులు లెక్కపెట్టుకుని మార్చి 13న రిజర్వు బ్యాంకు వారి సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఆన్‌లైన్ చేతకానివారు ఉత్తరం రాసి చండీగఢ్‌లోని కేంద్రానికి పంపవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. "తెలిసినవాళ్లున్నారు, మాట్లాడి పెడతాను" అంటూ నోటరీ బల్ల పక్కన తిరిగే పెద్దమనిషి ఒకాయన నన్ను మూడు వేలు అడిగాడు. అలాంటివారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

వారం తిరక్కుండా శాఖ మేనేజరే స్వయంగా ఫోను చేశారు. "ముందే నాతో ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా మేడమ్" అన్నారు. ఆయన గది తలుపు మీద ఎప్పుడూ "మీటింగ్" అనే అట్టముక్క వేలాడేదని నేను గుర్తుచేయలేదు. అఫిడవిట్ అక్కరలేదన్నారు, జామీను అక్కరలేదన్నారు, తమ్ముడి ఊసే ఎత్తలేదు. డిపాజిట్‌దారు మరణించినప్పుడు గడువుకు ముందే డిపాజిట్ తీసినా జరిమానా పడదు. అదీ ఆయనే చెప్పారు. ఉగాది, రంజాను, ఖాతాల ముగింపు అంటూ మరికొన్ని రోజులు గడిచి, ఏప్రిల్ 9న సొమ్ము పడింది.

అంబుడ్స్‌మన్ కార్యాలయానికి బ్యాంకు ఇచ్చిన జవాబు ప్రతి నాకూ వచ్చింది. అందులో మా క్లెయిమ్ ఫిబ్రవరి 10న అందినట్లు రాశారు. అంటే బ్యాంకు లెక్కలో పట్టిన కాలం 58 రోజులు, 93 రోజులు కాదు. జనవరి 6న నవ్వుతూ లోపల పెట్టుకున్న కాగితాలకు ముద్ర లేదు కనుక ఆ రోజు లేనట్లే. తపాలా శాఖ మనిషి కూతురిని అయివుండి నేను చేసిన పని అది.

నాన్నగారి ఖాతా ముగించినప్పుడు స్టేట్‌మెంట్ తీసుకున్నాను. మార్చి నెలాఖరున ఎస్సెమ్మెస్ ఛార్జీల కింద రూ. 17.70 కోశారు, ఆయన పోయారని వారికి కాగితం ఇచ్చి అప్పటికి ఎన్నో వారాలైంది. ఇవాళ ఉదయం ఆ సొమ్ము తిరిగి జమ చేయమని ఒక పేజీ దరఖాస్తు రాసుకుని మళ్లీ ఆ పద్దెనిమిది మెట్లూ ఎక్కాను. అటెండరు చదివి, "పదిహేడు రూపాయల డెబ్భై పైసలకా మేడమ్?" అన్నాడు. అవునన్నాను. ముద్ర తీసి నా ప్రతి మీద వేశాడు, కింద తేదీ కూడా వేశాడు.