ఈత కొలనులో పీహెచ్ లెక్క

మా అపార్ట్‌మెంటు ఈత కొలను నిర్వహణ బాధ్యతను ఈ వేసవిలో నేను తీసుకున్నాను. మొదటి వారంలోనే పిల్లలు ఎర్రబడిన కళ్ళతో, మంటగా ఉందంటూ బయటికి వచ్చేసరికి, క్లోరిన్ ఎక్కువైందనే అనుకున్నాను. పరీక్ష కిట్టులోని చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి పీహెచ్‌ను బట్టి రంగు మారే ఫినాల్ రెడ్ చుక్కలు వేయగానే, నారింజ రంగు రావలసిన చోట ముదురు గులాబీ రంగు తేలింది. పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత (7 కంటే ఎంత పెరిగితే అంత క్షారం), 8 దాటింది.

కొలను దగ్గర ముక్కుకు తగిలే ఘాటు చాలావరకు క్లోరమిన్లదని, చెమటతోనూ మూత్రంతోనూ క్లోరిన్ కలిసినప్పుడు అవి పుడతాయని చదివి తెలుసుకున్నాను. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో ఇంచుమించు సగం భాగం, క్రిములను చంపే హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటే, 8 దగ్గర అది పావు వంతుకు పడిపోతుంది. అసలే క్షారగుణం ఎక్కువగా ఉన్న మా బోరు నీళ్ళలో, క్లోరిన్ కోసం, అదే గుణమున్న బ్లీచింగ్ పౌడరును రోజూ గుమ్మరించి, వేసిన మందును మేమే పనిచేయనివ్వకుండా చేశాము. ఇది నన్ను నిజంగా బాధించింది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని బకెట్టు నీళ్ళలో కొద్దికొద్దిగా కలిపి (ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు), పంపు నడుస్తుండగా, ఎవరూ దిగని రాత్రివేళ మూడు రోజులపాటు పోశాము. పీహెచ్ 7.4కు దిగాక, క్లోరమిన్లు విరిగేలా ఒకసారి క్లోరిన్ మోతాదు పెంచి, అది లీటరుకు 3 మిల్లీగ్రాములకు తగ్గేవరకు కొలను మూసి ఉంచాము. ఆదివారం ఉదయానికి అడుగున పరచిన నీలి పలకల గీతలు స్పష్టంగా కనిపించాయి.