మే మొదట్లో ఖర్దుంగ్ లా: మంచులో సైకిల్ యాత్రకు లెక్కలు

లద్దాఖ్‌లోని లేహ్‌కు సైకిల్‌తో వెళ్లాలంటే చాలామంది జూలై, ఆగస్టు అంటారు. మేం మాత్రం ఏప్రిల్ చివర, మే మొదట్లో కుదిరేలా పెట్టుకున్నాం. ఆ రోజుల్లో దిగువన సింధు లోయ పల్లెల్లో ఆప్రికాట్ పూత ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంటుంది (మన ఖుబానీ కా మీఠాలో వేసేది ఈ పండునే), పైన ఖర్దుంగ్ లా కనుమ దగ్గరేమో రోడ్డు పక్కన మంచు గోడ కట్టి ఉంటుంది. బళ్ల రద్దీ కూడా ఇంకా మొదలవదు. ఇబ్బందల్లా చలికాలం మూసిన గెస్ట్‌హౌస్‌లు అప్పుడప్పుడే తెరుస్తుండటం. గొట్టాలు గడ్డకట్టి కొన్నిచోట్ల నీళ్లు బకెట్లలో తెచ్చిస్తారు. బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగాలి. ప్రీపెయిడ్ సిమ్ మన రాష్ట్రానిదైతే అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

శనివారం విమానంలో దిగి మరుసటి శనివారం తిరిగి రావడం మా ప్రణాళిక. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. విమానం ఒక్కసారిగా అంత ఎత్తున దింపేస్తుంది కాబట్టి మొదటి రెండు రోజులూ సైకిల్ ముట్టుకోకూడదు. తల కాస్త బాగుందని తొలిరోజే శాంతి స్తూపం మెట్లెక్కేవాళ్లే మూడో రోజు మంచం పడతారు. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వాడేవాళ్లకు మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ప్రయాణానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లకు ఇది ప్రమాదం, కాబట్టి డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, తడి దగ్గు, నడకలో తూలడం కనిపిస్తే మాత్రలతో కాలక్షేపం చేయకుండా కిందికి దిగాలి, ఆసుపత్రికి వెళ్లాలి.

మూడో రోజు ఊళ్లోనే తేలిగ్గా తొక్కాం. నాలుగో రోజు స్పితుక్, నిమ్ము, బస్గో మీదుగా ఆల్చీ వైపు. దూరం 65 కిలోమీటర్ల పైచిలుకు, మొత్తం మీద దిగుడే ఎక్కువ. ఆల్చీ 3,100 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆ రాత్రి తక్కువ ఎత్తులో నిద్ర పడుతుంది, మర్నాడు లేహ్‌కు ఎక్కుతూ వస్తే కాళ్లకూ ఊపిరికీ సరైన పరీక్ష. మధ్యాహ్నం గాలి లేస్తుంది, రెండు రోజులూ పెందలాడే బయల్దేరాలి. అలవాటు పడే రోజుల్లో ఇంతకంటే పనికొచ్చే దారి నాకు తెలియదు.

ఇక ఆరో రోజు అసలు పని. ఖర్దుంగ్ లా 5,359 మీటర్లు. పాత బోర్డు మీద 18,380 అడుగులని (5,602 మీటర్లు) తప్పుగా ఉండేది, ఆ ఫొటోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. లేహ్ నుంచి 39 కిలోమీటర్లు, సగటు ఎక్కుడు 5 శాతం లోపే. కాగితం మీద వాలు చూస్తే ఇది నల్లమల ఘాట్ రోడ్డు కంటే పెద్ద విషయం కాదు. కానీ పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే. ముందు 32 పళ్లు, వెనక 50 లేదా 51 పళ్ల గేరు ఉంటే కూర్చునే ఎక్కొచ్చు. నిలబడి తొక్కితే రెండు నిమిషాల్లో దమ్ము పోతుంది.

వసంతంలో ఈ దారిని నడిపేది గడియారం. లేహ్ వైపు వాలు దక్షిణముఖం, ఎండ బాగా తగులుతుంది. పొద్దెక్కాక మంచు కరిగి రోడ్డు మీద పారుతుంది, సాయంత్రానికి ఆ నీరే గాజుపొరలా గడ్డకడుతుంది. చూస్తే తడి తారులానే ఉంటుంది. అందుకని పదకొండు, పన్నెండు మధ్య పైకి చేరి, రెండు గంటలకల్లా సౌత్ పుల్లూ చెక్‌పోస్టు కిందికి వచ్చేసేలా లెక్క వేసుకోవాలి. అలాగని తెల్లవారుజామున మూడింటికి బయల్దేరినా లాభం లేదు. నిన్నటి నీరంతా నీడ మలుపుల్లో గడ్డకట్టి అప్పటికింకా అలాగే ఉంటుంది. ఐదున్నర సరైన సమయం. ఈ చెక్‌పోస్టు లేహ్ నుంచి 24 కిలోమీటర్ల దగ్గర. ఆ రోజు పైకి దారి తెరిచారో లేదో అక్కడ తెలుస్తుంది, గుర్తింపు కార్డు దగ్గరుండాలి. అక్కడికే ఉదయం తొమ్మిదిన్నర దాటితే వెనక్కి తిరగడమే మంచిది. కాళ్లు అంత నమ్మకంగా లేనివాళ్లు జీపులో సైకిల్ పైకి వేయించుకుని దిగుడు మాత్రం తొక్కొచ్చు, లేహ్‌లో ఆ ఏర్పాటు దొరుకుతుంది. ఉత్తరం వైపు నుబ్రా లోయకు దిగాలని ఈ నెలలో ఆశపడొద్దు. అటు నీడ ఎక్కువ, మంచు ఆలస్యంగా వదులుతుంది.

గాజుపొర మీద ముందు బ్రేకు అస్సలు పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. అనుమానం వస్తే దిగి నడవాలి. బూటు బిగుసుకునే క్లిప్ పెడల్స్ ఇంట్లోనే వదిలేయండి. రెండడుగులు నడిస్తే బూటు కింద క్లీట్‌లో మంచు కూరుకుపోయి ఇక బిగుసుకోదు. వెడల్పాటి ఫ్లాట్ పెడల్స్ చాలు.

టైర్ల గాలి గురించి అందరూ భయపెడతారు. లేహ్‌లో 25 పీఎస్‌ఐ నింపితే పైకెళ్లేసరికి ఎత్తు వల్ల సుమారు 2 పెరుగుతుంది. అదే సమయంలో చలి 20 డిగ్రీలు పెరిగితే ఇంచుమించు అంతే తగ్గుతుంది. అంటే లేహ్‌లో నింపాక మళ్లీ చూడక్కర్లేదు. ఇంట్లో గాలి నింపిన ముందు సస్పెన్షన్ ఫోర్క్ మాత్రం లేహ్‌లో షాక్ పంపుతో సరిచూసుకోవాలి. చలికి లోపలి నూనె చిక్కబడి ఫోర్క్ మెల్లగా పైకి లేస్తుంది, రీబౌండ్‌ను (తిరిగి లేచే వేగాన్ని) రెండు మూడు క్లిక్కులు వదులు చేస్తే సరి. హైడ్రాలిక్ బ్రేకుల్లో చిన్న గాలిబుడగ ఉన్నా ఎత్తులో ఉబ్బి లివర్ మెత్తబడుతుంది, బయల్దేరే వారం ముందే బ్లీడ్ చేయించి గాలి తీయించాలి. కరిగిన నీళ్లలో ఇసుక కలిసి రెజిన్ బ్రేకు ప్యాడ్లను ఒక్క దిగుడులోనే అరగదీస్తుంది. మెటల్ ప్యాడ్లు వేయించి, ఇంకో రెండు జతలు పెట్టుకోవాలి. వెనక హబ్‌లో చిక్కటి గ్రీజు ఉంటే చలికి పాల్స్ (చక్రాన్ని పట్టే చిన్న కొక్కేలు) అతుక్కుని పెడల్ ఉత్తినే తిరుగుతుంది. అక్కడ పలచటి నూనె మేలు.

నీళ్ల సంచీ గొట్టం ముందు గడ్డకడుతుంది, తాగాక గాలి వెనక్కి ఊదాలి. ఫ్లాస్కు ఇంకా నయం. చాక్లెట్ బార్లు రాయిలా అవుతాయి. పల్లీ చిక్కీని ముక్కలు చేసి లోపలి జేబులో పెట్టుకుని అరగంటకోటి నోట్లో వేసుకోవాలి, ఆకలి తెలియకపోయినా సరే. మంచు వెలుగుకు పక్కలు మూసిన నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. ఎక్కేటప్పుడు చెమట పట్టకుండా పలచగా ఉండి, పైన ఆగీ ఆగకముందే జాకెట్, రెండో గ్లౌజులు తొడగాలి. దిగుడులో వేళ్లు మొద్దుబారితే బ్రేకు పట్టు తప్పుతుంది.

ఏడో రోజు ఖాళీ. వాతావరణం బాగాలేక ఆరో రోజు పోయినా అది పనికొస్తుంది. లేహ్ విమానాలు కూడా గాలికీ మబ్బుకీ రద్దవుతుంటాయి. తిరుగు ప్యాకింగ్‌లో చక్రాలు తీశాక డిస్కులుండే చోట బ్రేకు ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టాలి, లేదంటే లివర్ నొక్కుకుని ప్యాడ్లు అతుక్కుంటాయి. పవర్‌బ్యాంకులు, లైట్ల బ్యాటరీలు చేతిసంచీలోకి. టైర్లలో గాలి నింపే సీఓ2 సిలిండర్లు అసలు తేవద్దు, చేతిపంపు చాలు.