పాలు లేవన్నారు, చీము తీశారు

మా పాప ఇప్పుడు అన్నం ముద్ద కోసం నా చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఇంత కాలం గడిచింది కదా, కోపం లేకుండా రాయగలననుకున్నాను. మొదలుపెట్టగానే వచ్చేసింది. రానీ.

సిజేరియన్ సంగతి వదిలేస్తాను. అందరికీ అయినట్టే అయింది. కాకినాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి. నేను థియేటర్లోంచి బయటికొచ్చేలోపే పాపకి డబ్బాపాలు పట్టేశారు. "తల్లికి పాలు పడలేదండీ, బిడ్డ ఆకలికి ఏడుస్తోంది" అని మా అమ్మ చేతిలో చీటీ పెట్టి కింద మందులషాపుకి పంపారట. ఇంటికొచ్చాక ఆ డబ్బా తీరిగ్గా చదివాను. బిడ్డకి తల్లిపాలే శ్రేష్ఠమని దానిమీదే పెద్ద అక్షరాలతో ఉంది! 1992లో వచ్చిన చట్టం ప్రకారం అలా అచ్చువెయ్యక తప్పదు. డబ్బావాడు చెప్పిన పాటి మాట ఆసుపత్రిలో ఒక్కళ్ళూ చెప్పలేదు.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పచ్చగా, చెంచాలతో కొలిచేంతే ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డకి అవి చాలు. ఆ తర్వాతే పాలు బాగా దిగుతాయి, ఆపరేషన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వార్డులోకి వచ్చిన ప్రతి మనిషీ ఓసారి పిండి చూడ్డం, "లేవు" అని పెదవి విరవడం.

పుట్టింటికి చేరాక అమ్మ రంగంలోకి దిగింది. వెల్లుల్లి కారప్పొడి, మునగాకు, పాలసొర చేప పుట్టు. హైదరాబాద్ నుంచి అత్తయ్య ఫోన్లో రోజూ ఒకటే అడిగేవారు, "పాలు సరిపోతున్నాయామ్మా?" ఆవిడ పేరు ఫోన్ మీద కనబడితే చాలు, టెన్షన్.

పాలు దిగాయి. విపరీతంగా దిగాయి. కానీ సీసా పీకకి అలవాటుపడిన పాప చనుమొన ఒక్కటే పట్టుకుని లాగేది. మొనలు పగిలి రక్తం కారేది. పళ్ళబిగువున ఇచ్చేదాన్ని, ఓర్చుకోలేనప్పుడు సీసా. తాగని పాలన్నీ లోపలే ఉండిపోయాయి.

ఇక ఆ రాత్రి. సాయంత్రం నుంచే ఎడమ రొమ్ము పక్కన అరచేయంత మేర ఎర్రగా కంది, రాయిలా బిగుసుకుంది. జాకెట్టు తగిలితే ప్రాణం పోతోంది. పదకొండు దాటాక చలి పుట్టుకొచ్చింది. మే నెల, కాకినాడ ఉక్కపోత. నాన్న చొక్కా విప్పి విసనకర్రతో విసురుకుంటున్నారు. నేనేమో ఫ్యాన్ ఆపించి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని వణికిపోతున్నాను. మంచం కిర్రుకిర్రుమంటోంది. జ్వరం 104. పక్కన పాప పాలకోసం నోరు తెరిచి తల అటూ ఇటూ తిప్పుతోంది. నా పాలల్లో విషం ఉందేమో, తాగితే ఏమవుతుందో అని దగ్గరికి తీసుకోవాలంటే భయం. తీసుకోకపోతే ఏడుపు. నేను పోతే దీన్ని ఎవరు పెంచుతారు, మా అమ్మా, అత్తయ్యా అని కూడా ఆలోచించాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ అప్పుడు రాలేదు.

నాన్న ఆసుపత్రికి ఫోన్ చేసి నాకిచ్చారు. డ్యూటీ డాక్టరమ్మ నిద్రమత్తులో, "పాలజ్వరమే, ప్యారాసెటమాల్ వేసుకోండి. అయినా ఈ మాత్రం ఓపిక లేనివాళ్ళకి పాలివ్వడం ఎందుకమ్మా, ఆపేస్తే పోలా?" అంది. పెట్టేసింది. తర్వాత సూదులు పొడిచారు, అవన్నీ మర్చిపోయాను. ఆ మాట మాత్రం పోలేదు. అమ్మ తడిగుడ్డ వేస్తూ తెల్లారేదాకా అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుతూనే ఉంది.

పొద్దున్నే పక్కింటి పిన్నిగారు మూరలకొద్దీ మల్లెపూలు పట్టుకొచ్చారు. కట్టుకుంటే పాలు ఇంకిపోతాయట. అమ్మ ఆ దండలు చుట్టి పైన గుడ్డ బిగించింది. ఒంటి వేడికి పూలు కాసేపటికే మగ్గి గోధుమరంగుకి తిరిగాయి. ఆ వాసనకి కడుపులో తిప్పింది. పిన్నిగారి మీద నాకేం కోపం లేదు. అది ఉత్త మూఢనమ్మకమూ కాదు. వేలూరు సీఎంసీ డాక్టర్లు పాలు మాన్పే మాత్రతో పోల్చి చూసి, పూలూ పనిచేస్తున్నాయని 1988లో రాశారు. కానీ నాకు కావలసింది పాలు ఎండగట్టడం కాదు, నిలిచిపోయినవి బయటికి రావడం. ఉన్నట్టుండి పాలివ్వడం ఆపేస్తే గడ్డ ముదిరి చీము పట్టొచ్చు. నాకు అదే జరిగింది.

ప్రైవేటులో కోసి తీస్తామన్నారు. నాన్న స్నేహితుడి కూతురు సర్కారు ఆసుపత్రిలో నర్సు. ఆవిడ చెబితే అక్కడికి వెళ్ళాం. స్కాన్‌లో చూస్తూ సర్జన్ సూదితో చీము లాగేశారు, మళ్ళీ పేరుకుంటే మళ్ళీ లాగారు. కోత లేదు. పాలిచ్చే తల్లులు వాడదగ్గ యాంటీబయాటిక్ రాశారు. అంతే.

అసలు సంగతి ఆ తర్వాత. నర్సు "పాప ఏది? పట్టుకురండి" అంది. "చీముపాలు తాగించొద్దమ్మా!" అని అమ్మ గాభరా. "ఇటు బాగానే ఉంది కదా పిన్నీ. అటువైపు కూడా పాలు పిండుతూనే ఉండాలి, ఆపకూడదు" అంటూ నా వీపు వెనక దిండు సర్ది, పాప పొట్ట నా పొట్టకి ఆనేలా తిప్పింది. మొన పైపెదవికి తగిలించి, పాప నోరు బాగా తెరిచేదాకా ఆగి, చటుక్కున దగ్గరికి నొక్కింది. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలామటుకు నోట్లోకి పోయింది. నొప్పి లేదు! గుటక వేస్తున్న చప్పుడు వినబడింది. "పాలు లేవన్నది ఎవరక్కా?" అంది నర్సు. వెక్కి వెక్కి ఏడ్చాను. అందరూ చూస్తున్నా ఏడ్చాను. డిశ్చార్జ్ రోజున నాన్న కాజాల పెట్టె ఇస్తే వార్డంతా పంచేసింది మహాతల్లి.

అత్తయ్య చూడ్డానికొచ్చారు. ఇద్దరమే ఉన్నప్పుడు, రెండో కాన్పులో తనకీ ఇలాగే గడ్డ లేచి కోశారని మెల్లగా చెప్పారు. అందుకా రోజూ అడిగేది! ముందే చెప్పొచ్చు కదా అని ఇప్పటికీ ఉక్రోషమే. మావారు మాత్రం, "డబ్బాపాలు తాగినవాళ్ళు పెరగలేదా, నీ ఆరోగ్యం ముఖ్యం" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నాకెందుకో ఆ డాక్టరమ్మ మాటలాగే వినబడింది.

అన్నవరంలో వ్రతం చేయించాం. స్వామి కాపాడాడంటుంది అమ్మ. సూదితో కాపాడాడు అంటాను నేను. ఆ నర్సుని మా దారిలో పెట్టింది ఎవరంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

బాలింతలకి నేను చెప్పేదొకటే. రొమ్ము ఎర్రబడి, గట్టిపడి, చలిజ్వరం వస్తే రేపు చూద్దాంలే అనుకోవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పాలు సరిపోతున్నాయో లేదో పిండి చూస్తే తెలీదు. వారం దాటిన బిడ్డ రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోసి, బరువు పెరుగుతుంటే సరిపోతున్నట్టే. ఎవరైనా "లేవు" అంటే, బిడ్డ ఎలా పట్టుకుంటోందో ముందు చూడమనండి.

మా చెల్లికి దసరా వెళ్ళాక డెలివరీ. మొన్న అదే ఆసుపత్రికి తోడు వెళ్ళాను. "పుట్టిన గంటలోపు బిడ్డని తల్లి రొమ్ముకి పట్టిస్తారా?" అని కౌంటర్లో అడిగాను. "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్" అన్నారు. చెల్లి ఫైలు తీసుకుని బయటికొచ్చేసింది. వేరే ఆసుపత్రి చూస్తున్నాం.