జొన్నగిరి చేలల్లో రాత్రి ఉండాలంటే

తొలకరి పడిందంటే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లోకి వజ్రాలు వెదకడానికి జనం దిగుతారు. వాన మట్టిని కడిగితేనే రాళ్లు బయటపడేది, కాబట్టి రాత్రి వాన పడితే తెల్లారేసరికి చేలో ఉండాలి. గుడి అరుగు, బడి వరండా ముందొచ్చినవాళ్లకే. మిగతావాళ్లకు టార్పాలిన్ పట్టే దిక్కు. నేను గుత్తిలో మిషన్ కుడతాను, ఏటా మా ఆడబిడ్డతో కలిసి పోతాను. పట్ట కొనేటప్పుడు నా కన్ను ముందు అంచు మీదికే పోతుంది.

అంగట్లో అందరూ అడిగేది జీఎస్ఎం ఎంతని. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని దాని లెక్క. 12 అడుగులకు 15 అడుగుల పట్ట 150 జీఎస్ఎందైతే రెండున్నర కిలోలు, 250దైతే నాలుగు కిలోల పైమాటే. బస్సు దిగి మోసుకుపోయేవాళ్లకు 150 చాలు. అంచు మాత్రం మడిచి, లోపల తాడు పెట్టి అతికించి ఉండాలి. తాడు కట్టే రింగు ఆ మడత మీదే పడాలి. ఒంటి పొర మీద కొట్టిన రింగు ఈదురుగాలికి ఊడొస్తుంది. ఊడితే మూలలో నున్నటి గులకరాయి పెట్టి, పట్టను దాని చుట్టూ మూటలా పట్టి, మూట మెడకు తాడు బిగించండి. లాగి చూడండి, చినగదు.

మా వైపు తొలకరి వాన వట్టిగా రాదు, గాలిదుమారంతో వస్తుంది. అందుకే గాలి వచ్చే వైపు అంచును నేలదాకా దించి, అవతలి వైపు ఎత్తి కట్టాలి. చదునుగా కడితే నడుమ నీళ్లు నిలిచి పట్ట కుంగుతుంది. తడిసిన నల్లరేగడిలో మేకు నిలవదు, రాళ్లు నింపిన గోతానికి కట్టుకోవాలి. గుంజ నుంచి వచ్చే తాడు వెంట నీళ్లు జారి లోపలికి వస్తుంటాయి కదా, పట్టకు జానెడు బయట, గుంజ వైపు తాడుకు ఒక గుడ్డపేలిక కట్టండి. నీళ్లు అక్కడే కారిపోతాయి.

వెదికేటప్పుడు నాకు పాంచోనే కావాలి, అంటే తల మీదుగా వేసుకునే టోపీ ఉన్న వదులు వానగుడ్డ. రెయిన్‌కోటు ప్యాంటుతో గంటలకొద్దీ గొంతుక్కూర్చోవడం కష్టం. పాంచో అయితే చీర మీదనే వేసుకోవచ్చు, వీపు మీది సంచి కూడా తడవదు, గాలి ఆడుతుంది. వంగినప్పుడు ముందు భాగం బురదలో ఈడుస్తుంది, నడుముకు ఒక నాడా కట్టుకుంటే సరి. కొనేటప్పుడు టోపీ కుట్టును తిరగేసి చూడండి. సూది దిగిన ప్రతిచోటా బెజ్జమే, లోపల టేపు అతికించి లేకపోతే నీళ్లు మెడలోకే దిగుతాయి.

ఉరుము వినబడితే మాత్రం పట్ట కింద ఉండొద్దు, చింతచెట్టు కిందికి అసలే పోవద్దు. ఊళ్లోకి, పక్కా ఇంట్లోకి పోవాలి. పట్ట ఎగిరిపోతుందని మా ఆడబిడ్డ వెనకాడుతుంది. నేను చేయి పట్టుకుని లాక్కుపోతాను.